డైమండ్ బ్లేడు మొండికేస్తే కంపెనీని కాదు, ముందు సెగ్మెంటును చూడండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. పి.గన్నవరం చుట్టుపక్కల ఊళ్ళలో కుళాయి పైపుల కోసం సీసీ రోడ్లు కోస్తున్నారు, చేతిలో 14 అంగుళాల పెట్రోల్ కట్టర్. మొదటి బ్లేడు కొన్ని మీటర్లు చక్కగా కోసి, ఆ తర్వాత నిప్పురవ్వలు రాల్చడమే తప్ప కిందికి దిగలేదు. "ఇది ఇంకా గట్టి సరుకండి" అని షాపతను ఇచ్చిన రెండోది, ఖరీదెక్కువైనా, అంతకంటే ముందే మొండికేసింది. "మెత్తగా కోసేది" అడిగి తెచ్చిన మూడోదాన్ని పాత పెంకుటింటి ఇటుక గోడలో గుమ్మం తియ్యడానికి వాడితే, ఒక్క పూటలో సగం అరిగి, చివరికి ఒక సెగ్మెంటు (బ్లేడు అంచున అతికి ఉండే వజ్రపు ముక్క) ఊడి ఎగిరింది. ఏ కంపెనీది కొనాలి అన్నది మీ ప్రశ్న.

కంపెనీ మాట తర్వాత చూద్దామండి. మీ మూడు బ్లేడ్లకీ వచ్చింది ఒకే జబ్బు కాదు. మొదటి రెండూ అరగాల్సినంత అరగక ఆగిపోయాయి. మూడోది అరగాల్సినదానికంటే ఎక్కువ అరిగి పాడైంది. ఈ తేడా పట్టుకోకుండా కంపెనీలు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ.

సెగ్మెంటులో ఉండేవి అర మిల్లీమీటరుకు అటూ ఇటూ సైజు కృత్రిమ వజ్రపు రేణువులు. కోబాల్టు, ఇనుము, కంచు లాంటి లోహపు పొడుల్లో వాటిని కలిపి, వేడి మీద అదిమి ముద్ద చేస్తారు. ఆ లోహపు ముద్దే బాండ్. పైకి తేలిన వజ్రాలు పని చేసి చేసి మొన పోగొట్టుకుంటాయి. అప్పటికి చుట్టూ ఉన్న బాండ్ కూడా అరిగితే పాత రేణువు రాలి, కింద ఉన్న కొత్తది బయటపడుతుంది. మరి బాండును అరగదీసేది ఏది? మీరు కోస్తున్న సరుకులోంచి వచ్చే పొడే. అందుకే ఇక్కడ లెక్క తిరగబడుతుంది. గట్టిగా ఉండి గరుకు పొడి రాలని రాయికి మెత్తని బాండ్ కావాలి. ఇటుక, పచ్చి కాంక్రీటు, తారు రోడ్డు లాంటి వాటికి గట్టి బాండ్ కావాలి. షాపతను మంచి ఉద్దేశంతోనే ఇంకా గట్టిది ఇచ్చి ఉంటాడు, కానీ మందు తిరగేసి ఇచ్చాడు.

బ్లేడు చల్లారాక, ఇంజను ఆపి, వెలుతురులో సెగ్మెంటు అంచును దగ్గరగా చూడండి. ఆరోగ్యంగా ఉన్న బ్లేడులో రేణువులు విడివిడిగా పైకి పొడుచుకుని ఉంటాయి. ఒక్కోదాని వెనకా బాండ్ లోహం సన్నటి తోకలా మిగిలి ఉంటుంది. ఆ తోకలన్నీ బ్లేడు తిరిగే దిక్కుకు వెనకవైపే ఉండాలి. గోటితో ఒక వైపు గీస్తే గరుకుగా, రెండో వైపు గీస్తే కాస్త జారుడుగా తగులుతుంది. మొండిబారిన బ్లేడులో తోకలు కనిపించవు. రేణువులు బాండుతో సమంగా ఉండి, నెత్తి చదునై మెరుస్తుంటాయి, వేలికి ఏమీ తగలదు. అతిగా అరుగుతున్న బ్లేడులో రేణువుల కంటే అవి ఊడిపోయిన గుంటలే ఎక్కువ. ఈ మూడింటిలో ఏదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

మన వైపు రోడ్లలో బ్లేడు మొండిబారడానికి ఒక స్థానిక కారణం కూడా ఉంది. గోదావరి డెల్టా అంతా ఒండ్రుమట్టి, రాయి పుట్టదు. కంకర పైనుంచి రావాల్సిందే. పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం వైపు క్వారీల నల్లరాయి చాలా పనుల్లో కనబడుతుంది. అది బసాల్టు, భూగర్భ శాస్త్రంలో రాజమండ్రి ట్రాప్స్ అనే లావా రాయి. గట్టిగానే ఉంటుంది కానీ గ్రానైటులో ఉన్నట్టు అందులో క్వార్ట్‌జ్ పలుకులు ఉండవు. అంటే వజ్రాన్ని మొండి చేసేంత గట్టిదే, బాండును గీరేంత గరుకైనది కాదు. గోదావరి ఇసుక క్వార్ట్‌జే, బాండును బాగానే గీరుతుంది. కానీ పోసినప్పుడు బాగా తడిపిన పాత రోడ్డులో ఆ ఇసుక సిమెంటులో బిగుసుకుపోయి ఉంటుంది, విడి రేణువుగా రాలదు. అందుకే కొత్తగా పోసిన రోడ్డు మీద బాగా కోసిన బ్లేడే పక్క వీధిలో పదేళ్ళనాటి రోడ్డు మీద మొరాయిస్తుంది.

కంకర ఏదో తెలుసుకోవడానికి పగిలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. ఒకే నలుపు, సన్నటి పలుకు, మెరుపు లేకపోతే బసాల్టు. తెలుపు, బూడిద చారలు, గాజులాంటి మెరుపులు ఉంటే గ్రానైటు జాతి. ఎర్రటి చుక్కల్లా గార్నెట్ పలుకులు కనబడితే తూర్పు కనుమల ఖోండలైటు కావచ్చు. ఈ రెండూ గట్టివే, పైగా గరుకువి, కాబట్టి బాండును కొంత అరగదీస్తాయి. చాకు మొనతో సులువుగా తెల్లటి గీత పడితే అది కడప బండలాంటి సున్నపురాయి, దానికి ఇంత ఆలోచన అక్కర్లేదు.

మొండిబారిన మీ మొదటి రెండు బ్లేడ్లనూ పారేయకండి. వాటిలో వజ్రం మిగిలే ఉంది. తిరగలికి కక్కు కొట్టించినట్టే దీనికీ కొట్టించాలి, సుత్తీ ఉలీ లేకుండా. గరుకైన మెత్తటి సరుకును కోయడమే ఆ పని: సిమెంటు బ్లాకు, ఫ్లై యాష్ ఇటుక, ఇసుకరాయి, లేదంటే అరిగిపోయిన గ్రైండింగ్ వీల్ పెద్ద ముక్క ఏదైనా పనికొస్తుంది. నాటు ఇటుక కూడా వాడొచ్చు గానీ, మన ఒండ్రు ఇటుకలో మెత్తటి మట్టే ఎక్కువ, కాబట్టి ఎక్కువ కోతలు పడతాయి. బ్లాకును కదలకుండా బిగించి, అంగుళం లోతుకు మించకుండా, బరువు వెయ్యకుండా, పది పదిహేను కోతలు వెయ్యండి. తర్వాత ఆపి మళ్ళీ గోటితో చూడండి. తోకలు తేలేదాకా ఇంకో విడత. ఇలా పదును తేలిన బ్లేడు అదే రోడ్డు మీద మళ్ళీ నాలుగైదు మీటర్లకే నున్నబడితే ఇక దానికీ ఆ రోడ్డుకూ పొత్తు కుదరదని అర్థం. దాన్ని ఇటుక పనికి దాచి, రోడ్డుకు మెత్తని బాండుది తెచ్చుకోండి.

పని మధ్యలో, చేతికి ఏ బ్లాకూ దొరకనప్పుడు కొందరు కోసిన గీతలో గుప్పెడు ముతక ఇసుక చల్లి, నీళ్ళు కాస్త తగ్గించి కోస్తారు. పని చేస్తుంది. కానీ ఆ ఇసుక సెగ్మెంటునే కాదు, దాని కింది ఉక్కు ప్లేటునూ గీరుతుంది. రెండు మూడు మీటర్లకు మించి చెయ్యకండి.

బరువు వేస్తే బ్లేడు తెరుచుకుంటుంది అని మేస్త్రులు అంటారు. నేల మీద తోసుకెళ్ళే ఫ్లోర్ కట్టర్ విషయంలో అందులో కొంత నిజముంది. చేతి కట్టర్ మీద మాత్రం ఒళ్ళంతా వేసి నొక్కితే వచ్చేది వేడి, ప్లేటు వంపు, వెనక్కి తన్నడం. బరువు కంటే లోతు తగ్గించడం మేలు. 14 అంగుళాల బ్లేడును ఒకేసారి 120 ఎంఎం లోతుకు దించితే దాదాపు 22 సెంటీమీటర్ల అంచు కాంక్రీటును తాకుతూ ఉంటుంది. 30 ఎంఎం దింపితే 10 సెంటీమీటర్లే. అదే ఇంజను బలం సగం కంటే తక్కువ రేణువుల మీద పడుతుంది కాబట్టి ఒక్కో రేణువూ లోతుగా కొరుకుతుంది, మొన విరిగి కొత్త మొన వస్తుంది. సుద్దతాడు గీత మీద మొదట 25-30 ఎంఎం లోతున, తిన్నగా వచ్చేలా నిదానంగా ఒక వరస కోయండి. తర్వాత 40 ఎంఎం చొప్పున దించుకుంటూ పోండి. కట్టర్‌ను గీత వెంట ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ కోస్తే తాకే అంచు ఇంకా తగ్గుతుంది. ఊపడమంటే గీత వెంటే, పక్కలకు కాదు. ఫ్లాంజీలు (బ్లేడును రెండు వైపులా బిగించి పట్టే బిళ్ళలు) అడ్డం కాబట్టి 14 అంగుళాల బ్లేడుతో 120-125 ఎంఎంకి మించి దిగదు. రోడ్డు 6 అంగుళాలుంటే మిగిలింది బ్రేకర్‌తో కొట్టుకోవాల్సిందే. ఆ మిగిలిన అంగుళం కోసం బ్లేడును ఫ్లాంజి తగిలేదాకా తొక్కితే ముందు పోయేది ఫ్లాంజి, ఆ తర్వాత షాఫ్టు బేరింగు.

వేగం గురించి ఒక మాట. బ్లేడు ఎంత వేగంగా తిరిగితే అంత గట్టి బాండులా, నెమ్మదిస్తే మెత్తని బాండులా ప్రవర్తిస్తుంది. వేగం మార్చుకునే వీలున్న ఫ్లోర్ కట్టర్‌లో గట్టి రాయి తగిలితే కాస్త తగ్గించడం సరైన మందే. పెట్రోల్ చేతి కట్టర్‌లో మాత్రం ఆ ఆలోచన వద్దు. అందులో క్లచ్ వేగం మీదే పట్టుకుంటుంది. సగం రేజులో కోస్తే క్లచ్ జారి కాలిపోతుంది. నిండు రేజులోనే కోయాలి, మార్పు బ్లేడులోనే చేసుకోవాలి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీ మెషీన్ మీద రాసినదానికంటే ఎక్కువ ఉండాలి, సమానమైనా ఫరవాలేదు, తక్కువ ఉంటే ఎక్కించకూడదు. పెట్రోల్ కట్టర్‌కి చేసిన 14 అంగుళాల బ్లేడు మీద సాధారణంగా సెకనుకు 100 మీటర్ల అంచు వేగం, అంటే 5,400 ఆర్‌పీఎం చిల్లర ఉంటుంది. ఫ్లోర్ కట్టర్ కోసమే చేసిన బ్లేళ్ళు కొన్ని అంతకంటే తక్కువకే. సైజు ఒకటే కదా అని మార్చి వాడకండి.

రోడ్డులో ఊచలు తగిలినప్పుడు శబ్దం మారుతుంది, రవ్వలు పొడుగ్గా, ఎర్రగా వస్తాయి. అక్కడ తొందర వద్దు, మెషీన్ సొంత బరువుతోనే దిగనివ్వండి. ఉక్కు వజ్రాన్ని మొండి చేస్తుంది, బాండును అరగదీయదు. ఊచలు ఎక్కువున్న స్లాబు లేదా కల్వర్టు కోస్తే మధ్యమధ్య సిమెంటు బ్లాకులో రెండు కోతలు వేసుకోవాలి. ఊచే లేని చోట రవ్వలు వస్తున్నాయంటే బ్లేడు నున్నబడిందన్నా, ఉక్కు ప్లేటు గీత గోడకు రాసుకుంటోందన్నా లెక్క.

ఇక మూడో బ్లేడు.

పాత పెంకుటిళ్ళ గోడల్లో ఇటుక ఊకతో కాల్చినది, సున్నమో మట్టో పెట్టి కట్టినది. రెండూ మెత్తనివి, ఇసుకా బూడిదా కలిసిన పొడి రాలుస్తాయి. మెత్తని బాండుకు ఆ పొడి యముడే. వజ్రాలు ఇంకా పదునుగా ఉండగానే చుట్టూ లోహం తినేసి వాటిని రాల్చేస్తుంది. పైగా లోపలి గోడ కాబట్టి నీళ్ళు పెట్టకుండా కోసి ఉంటారు. ఇటుక గోడకి "అబ్రాసివ్" అనో, "బ్రిక్, బ్లాక్, అస్ఫాల్ట్" అనో రాసున్న గట్టి బాండ్ బ్లేడు కావాలి. గుమ్మం తీసేముందు పైకప్పు బరువుకు దన్ను పెట్టారా, లింటల్ (గుమ్మం పైన బరువు మోసే దూలం) వేశారా అన్నది వేరే సంగతే అయినా బ్లేడుకీ సంబంధించినదే. కోసిన గోడ కాస్త కుంగి గీత మూసుకుంటే బ్లేడు అందులో బిగుసుకుని వెనక్కి తన్నుతుంది. పెట్రోల్ మెషీన్‌ను మూసిన గదిలో అసలు వాడొద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, మనిషి కూలబడేదాకా తెలియదు. లోపలి గోడలకి కరెంటు మెషీనే.

సెగ్మెంటు ఎందుకు ఊడిందో ఊడిన చోటే రాసుంటుంది. అక్కడ ఉక్కు నీలంగానో గోధుమరంగుగానో మారి ఉంటే వేడి. వెండి టంకంతో అతికిన సెగ్మెంట్లు నీళ్ళతోనే వాడాలి, పొడిగా కోస్తే టంకం మెత్తబడి వదిలేస్తుంది. లేజర్ వెల్డింగ్‌వి పొడికీ తట్టుకుంటాయి, అవి కూడా ఆగకుండా కోస్తే కాదు. పది పదిహేను సెకన్లు కోసి, గీతలోంచి బయటికి తీసి, అంతసేపూ ఖాళీగా తిప్పి గాలి తగలనివ్వాలి. సుమారు 700 డిగ్రీలు దాటితే గాలిలో వజ్రమే చెడిపోవడం మొదలవుతుంది, ఇక సెగ్మెంటు ఊడకపోయినా ప్రయోజనం లేదు.

రంగు మారకుండా, సెగ్మెంటుకి సరిగ్గా కింద ఉక్కు ప్లేటు సన్నబడి, చుట్టూ గాడిలా అరిగి మెరుస్తుంటే కారణం వేరు. గరుకు పొడి బయటికి పోక అక్కడే తిరుగుతూ ప్లేటును తినేసిందన్నమాట. ఇటుకలోనూ, పచ్చి కాంక్రీటులోనూ, రోడ్డు కోస్తూ కిందనున్న ఇసుక పరుపులోకి బ్లేడు దిగినప్పుడూ ఇలా అవుతుంది. మన దగ్గర రోడ్ల కింద ఇసుక పరుపు మామూలే కదా, మందం తెలుసుకుని దానికి అయిదారు ఎంఎం పైనే ఆపండి. ఈ అరుగుదలను అడ్డుకోవడానికి కొన్ని బ్లేళ్ళకి మధ్యమధ్య లోతుకు దిగిన ఏటవాలు సెగ్మెంట్లు ఉంటాయి. ఇటుకా పచ్చి కాంక్రీటూ ఎక్కువ కోసేవాళ్ళు అలాంటిదే తీసుకోవాలి. మూడో రకం, అతుకు దగ్గర శుభ్రంగా విరిగి, పక్క ప్లేటు వంగి ఉండటం. అది గీతలో బ్లేడును తిప్పినందువల్ల. గీత వంకరపోయిందని మెషీన్‌ను మెలిపెట్టి సరిచేయబోతే జరిగేది ఇదే. వంకరపోతే బయటికి తీసి, పక్కన కొత్త గీత మొదలుపెట్టండి. డైమండ్ బ్లేడుతో వంపు కోయలేం.

ఒక్క సెగ్మెంటే కదా అని మిగతావాటితో నడిపించకండి. బరువు ఒక పక్కకు పోయి అదురు మొదలవుతుంది, పక్క సెగ్మెంటు ఖాళీ అంచున తగిలి అదీ ఎగురుతుంది. ఊళ్ళో వెల్డింగ్ షాపులో అతికించడం అంతకంటే ప్రమాదం, ఆ వేడికి ప్లేటు బిగువు పోతుంది. పెద్ద ఫ్లోర్ కట్టర్ బ్లేళ్ళకి సెగ్మెంటు మళ్ళీ అతికే నిపుణుల షాపులున్నాయి. చేతి కట్టర్ బ్లేడైతే తుక్కే.

నీళ్ళ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే బ్లేళ్ళు ఎక్కువ చచ్చేది ఇక్కడే. దుమ్ము అణగడానికి నిమిషానికి అర లీటరు చాలు. దాన్ని చూసి నీళ్ళు వస్తున్నాయిగా అనుకుంటారు. బ్లేడు చల్లబడి, బురద గీతలోంచి కొట్టుకుపోవాలంటే చేతి కట్టర్‌కి నిమిషానికి 2-3 లీటర్లు, ఫ్లోర్ కట్టర్‌కి 10-15 లీటర్లు పోవాలి. గొట్టం విప్పి 20 లీటర్ల పెయింటు బకెట్‌లోకి పట్టి, ఎంతసేపట్లో నిండుతుందో చూస్తే తెలిసిపోతుంది. నీళ్ళు బ్లేడుకి రెండు వైపులా సమానంగా పడాలి. ఒక వైపు రంధ్రం మూసుకుపోతే ఆ వైపు సెగ్మెంటు ఏటవాలుగా అరుగుతుంది, గీత ఆ పక్కకు లాగుతుంది. కాలువ నీళ్ళు, ముఖ్యంగా వరదల్లో ఎర్రనీళ్ళు వాడితే ఆ చిన్న రంధ్రాలు ఒండ్రుతో పూడిపోవడం ఖాయం. డ్రమ్ము మూతికి నాలుగు మడతల పాత పంచె కట్టండి, పని మొదలెట్టేముందు సన్నటి తీగతో రంధ్రాలు పొడవండి. ఎండాకాలం కాలువలు కట్టేశాక సముద్రం వైపు, అంతర్వేది, సఖినేటిపల్లి, మల్కిపురం ఊళ్ళలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పు. గత్యంతరం లేకపోతే వాటితోనూ కోయొచ్చు, కానీ సాయంత్రం బ్లేడునూ ఫ్లాంజీలనూ మంచినీళ్ళతో కడిగి తుడిచి ఆరబెట్టాలి. ప్లేటు తుప్పు పట్టి పొలుసులు లేచిందంటే గీత గోడకు రాసుకుంటుంది.

ఎందుకంటే సెగ్మెంటుకీ ప్లేటుకీ మందంలో ఉండే తేడా చాలా తక్కువ. 14 అంగుళాల బ్లేడులో సెగ్మెంటు సుమారు 3.2 ఎంఎం, ప్లేటు 2.2-2.4 ఎంఎం ఉంటుంది. అంటే ఒక్కో పక్కా అర ఎంఎంకి మించి ఖాళీ ఉండదు. సెగ్మెంటు పక్కలు అరిగి ఆ ఖాళీ పోయిందంటే, ఎత్తు ఇంకా ఉన్నా సరే, ఆ బ్లేడు పని అయిపోయినట్టే. బ్లేడు పక్కతో రాయిని నున్న చెయ్యడం మొదటిరోజు నుంచే ఈ ఖాళీని తినేస్తుంది.

ఎక్కించేటప్పుడు చూడాల్సినవి మూడు. బోరు, అంటే బ్లేడు మధ్య రంధ్రం: 14 అంగుళాల బ్లేళ్ళు ఎక్కువగా 25.4 ఎంఎం బోరుతో, 20 ఎంఎం షాఫ్టుల కోసం లోపల ఒక రింగుతో వస్తాయి. ఆ రింగు వదులుగా ఉన్నా, పోయిందని రేకు ముక్క చుట్టి సరిపెట్టినా బ్లేడు గుండ్రంగా తిరగదు. ఒక పక్క సెగ్మెంట్లు బాగా అరిగి ఎదురుపక్కవి కొత్తగా ఉంటే ముందు ఈ రింగును, తర్వాత షాఫ్టు బేరింగును, బెల్టు బిగువును చూడండి. ఫ్లాంజీలు: రెండూ ఒకే సైజుండాలి, బ్లేడు వ్యాసంలో కనీసం 6వ వంతుండాలి, మధ్యలో ఎండిన సిమెంటు పెచ్చు కూడా ఉండకూడదు. అక్కడ అర మిల్లీమీటరు పెచ్చు ఇరుక్కుంటే అంచున అంతకు కొన్ని రెట్ల వంకర కనిపిస్తుంది. బాణం గుర్తు: తిరిగే దిక్కుకే ఉండాలి. కొంత వాడిన బ్లేడును తిప్పి ఎక్కిస్తే రేణువుల వెనక దన్నుగా ఉన్న తోకలు ముందుకొస్తాయి, దన్ను లేక రేణువులు టపటపా రాలతాయి. బాణం చెరిగిపోతే మార్కర్‌తో మళ్ళీ గీసుకోండి.

బ్లేడు వంకరగా తిరుగుతోందా అని కంటితో తేల్చలేకపోతే గీత వెడల్పు కొలవండి. 3.2 ఎంఎం సెగ్మెంటుకి గీత 3.5 దాకా రావడం మామూలే. 4 దాటిందంటే ఊగుతోంది. అలాంటిదాన్ని షాఫ్టులోంచి తీసి, బోరులో వేలు పెట్టి వేలాడదీసి చెక్కపిడితో తట్టండి. ఖంగుమని మోగాలి. బొద్దుగా మోగితే ప్లేటు బిగువు పోయిందో, పగులుందో. పగుళ్ళు సాధారణంగా రెండు సెగ్మెంట్ల మధ్య చీలిక అడుగున పుడతాయి. నూనె గుడ్డతో తుడిచి, పైపైన ఆరాక చూస్తే వెంట్రుకంత పగులు కూడా నల్లటి గీతలా బయటపడుతుంది. పగులున్న బ్లేడుకి రెండో ఆలోచన లేదు. విరిచి పారేయండి, ఇంకొకరు ఏరుకుని వాడకుండా.

కరెంటు మెషీన్లకి వేరే తిప్పలు. సాయంత్రం చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఆన్ అయ్యే వేళకి కొన్ని ఊళ్ళలో వోల్టేజీ పడిపోతుంది. దానికి తోడు 40 మీటర్ల సన్న వైరు లాగుతారు. 0.75 చదరపు ఎంఎం వైరులో 1,200 వాట్ల కట్టర్ నడిస్తే వైరులోనే దాదాపు 10 వోల్టులు పోతాయి, 2.5 చదరపు ఎంఎం వైరులో 3 చాలు. వేగం తగ్గితే బ్లేడు కొట్టుకుంటూ కోస్తుంది, రేణువులు విరుగుతాయి, మోటారు వేడెక్కుతుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా కరెంటు కట్టర్ మీద నీళ్ళు పోయడం ప్రాణాలతో చెలగాటం. 4 అంగుళాల గ్రైండర్‌కి గార్డు ఊడదీసి 5 అంగుళాల బ్లేడు ఎక్కించడం మన సైట్లలో రోజూ కనిపించే దృశ్యమే. సెగ్మెంటు ఊడితే దాన్ని ఆపేది ఆ గార్డొక్కటే.

కొత్త సీసీ రోడ్డులో జాయింట్లు కోసే పని కూడా మీకు రావచ్చు కాబట్టి క్లుప్తంగా. పోసిన 6 నుంచి 18 గంటల లోపు, మందంలో పావు నుంచి మూడో వంతు లోతు కోయాలి. ఎండాకాలం తొందరగా, ముసురు పట్టిన రోజుల్లో ఆలస్యంగా. గీత పక్కన కంకర ఊడి వస్తుంటే ఇంకా ఆగాలి, అప్పటికే సన్న పగుళ్ళు కనబడితే ఆలస్యమైపోయింది. పచ్చి కాంక్రీటు ఇసుకను విడిగా వదులుతుంది కాబట్టి ఇక్కడ గట్టి బాండ్. మీ మొదటి రెండు బ్లేళ్ళు ఈ పనికి భేషుగ్గా సరిపోతాయి.

ఇక కంపెనీ సంగతి. పేరున్న ఏ కంపెనీ అయినా నాలుగైదు రకాల బాండ్లు చేస్తుంది. అందులో మీకు తగనిది కొంటే మంచి కంపెనీది కూడా మొండికేస్తుంది. సెగ్మెంటు రంగును బట్టి బాండ్ చెప్పేస్తామనేవాళ్ళని నమ్మకండి, ఆ రంగు కంపెనీ కంపెనీకీ వేరు. షాపులో ఈ వివరాలు చెప్పండి: కోసేది ఏమిటి, ఎన్నాళ్ళది, అందులో ఇనుము ఎంత, మెషీన్ ఏది, బోరు ఎంత, ఆర్‌పీఎం ఎంత, నీళ్ళతోనా, పొడిగానా, రోజుకి ఎన్ని మీటర్లు. "పాత కాంక్రీటు, నల్లకంకర, నీళ్ళతో" అంటే హార్డ్ మెటీరియల్ అని రాసున్న మెత్తని బాండ్ ఇవ్వాలి. బ్లేడు మీద ఈఎన్ 13236 (వజ్రపు బ్లేళ్ళ భద్రతకు యూరప్ ప్రమాణం) అని ముద్ర, గరిష్ఠ ఆర్‌పీఎం, బాణం ఉన్నాయో లేదో చూడండి. ఇవేవీ లేకుండా కవరు మీద వజ్రం బొమ్మ మాత్రమే ఉన్నవి చవకే గానీ, 5,000 ఆర్‌పీఎం దగ్గర కాళ్ళ పక్కన తిరిగే వస్తువు మీద ఆ పొదుపు నాకు నచ్చదు.

మీ పనికి రెండు బ్లేళ్ళు ఎప్పుడూ బండిలో ఉండాలి: రోడ్లకి మెత్తని బాండ్, ఇటుకకీ పచ్చి కాంక్రీటుకీ గట్టి బాండ్. ఏది లాభమో ధర చూసి తేల్చకండి. కొత్తదానికి వెర్నియర్‌తో సెగ్మెంటు ఎత్తు కొలిచి రాసుకోండి, 20 మీటర్లు కోశాక మళ్ళీ కొలవండి. తగ్గిన ఎత్తును బట్టి మొత్తం సెగ్మెంటుకి ఎన్ని మీటర్లు వస్తాయో లెక్క కట్టి, బ్లేడు ధరను ఆ మీటర్లతో భాగించండి. లోతు మారితే లెక్కా మారుతుంది, కాబట్టి ఒకే లోతు కోతలనే పోల్చాలి. 20 మీటర్లకి ఎత్తు అసలు తగ్గకపోతే సంబరపడకండి, అది నున్నబడుతోంది, సిమెంటు బ్లాకు దగ్గరికి తీసుకెళ్ళండి.

కంకర ముక్క పగలగొట్టిన చోటు ఫొటో ఒకటి, ఊడిన సెగ్మెంటు కింద ప్లేటు ఫొటో ఒకటి పెట్టండి. నీలం రంగా, గాడా, వంపా అన్నది చూస్తే మూడో బ్లేడు సంగతి ఖాయంగా చెప్పొచ్చు.